సంజెవేళ అడిగిన ప్రశ్న

కావేరిని బస్సెక్కించింది మీరు. జబ్బు కాదు, దేవుడు కాదు, ఆ పిల్ల తలరాత అంతకన్నా కాదు. మీరే. ఏడేళ్ల పిల్ల. మందుల దెబ్బకు నోరంతా పుండ్లు పడి, గుక్కెడు నీళ్లు మింగాలన్నా కళ్లు మూసుకుని ధైర్యం తెచ్చుకునే రోజున, 'ఈ పాపకు ఇబ్బందేమీ లేదు, గది ఖాళీ చేయించండి' అని కాగితం మీద ముద్ర గుద్దారు. నూట ఎనభై కిలోమీటర్లు, రెండు బస్సులు, ఒక ఆటో. మీరు కట్టింది నలభై గదులు. వైద్యానికి వచ్చే పిల్లలు నాలుగు వందల మంది. ఎవరినో ఒకరిని బయటికి నెట్టక తప్పదు. నెట్టిన చెయ్యి మీదని ఎవరూ అనకుండా ఉండాలని మధ్యలో ఒక యంత్రాన్ని పెట్టుకున్నారు.

సుంకమ్మ అంతవరకూ రాసి పెన్ను ఆపింది. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూచుని, పాత కాగితాల వెనకవైపు రాస్తోంది. సాయంత్రం ఐదున్నరకు కమిటీ కూర్చుంటుంది. డైరెక్టర్ శ్రీహరి, డాక్టర్ భార్గవి, ఇంకో నలుగురు పెద్దమనుషులు. వాళ్ల ముందు ఈ కాగితం చదవాలి. లోపల అత్యవసర వార్డులో మూడో మంచం మీద కావేరి ఉంది. జ్వరం దిగింది గాని పిల్ల ఇంకా గట్టున పడలేదు. రేపు పొద్దున ఆ మంచం ఖాళీ చెయ్యాలి. ఆసుపత్రి పక్కన గది దొరికితే పిల్ల బతుకుతుంది. మళ్లీ ఊరికి పంపితే బతకదు. డాక్టర్లు ఇంత సూటిగా చెప్పలేదు. చెప్పకపోయినా సుంకమ్మకు అర్థమైంది.

రాసింది మళ్లీ చదువుకుంది. అంతా నిజమే. అయినా ఎక్కడో కుదరలేదు, ఏదో దాచినట్టుంది. కింద ఇంకో వాక్యం చేర్చింది: 'ఆ యంత్రానికి తప్పు నేర్పింది నేను.'

*

సుంకమ్మ ఉద్యోగం పేరు 'పలకరింపు'. అంతకుముందు ఎనిమిదేళ్లు ఆ పిల్లల క్యాన్సర్ ఆసుపత్రిలోనే ఆయా. చదువు పదో తరగతి. డాక్టర్ భార్గవి 'తోడు' కడియం తయారుచేసినప్పుడు, వార్డులో తల్లులందరికీ తెలిసిన మనిషి కావాలని ఏరి మరీ ఆమెను తీసుకుంది.

కడియం మెత్తటి రబ్బరుది. పిల్లల మణికట్టుకు తొడుగుతారు. నాడి, చెమట, ఊపిరి, నిద్రలో ఎన్నిసార్లు దొర్లారు, అన్నీ పట్టుకుంటుంది. దాన్ని బట్టి పిల్ల ఎంత బాధలో ఉందో రంగులో చూపిస్తుంది. ఎరుపు వెలిగితే ఆసుపత్రి పక్కన 'గూడు' భవనంలో గది, తల్లికి తిండి, మనసు కుదుటపడేలా రోజూ వచ్చి మాట్లాడే మనిషి, పిల్లకు పాఠాలు చెప్పే టీచరు. ఆకుపచ్చ వెలిగితే ఇంటికి.

"కానీ యంత్రానికి బాధంటే ఏం తెలుస్తుంది సుంకమ్మగారూ?" అంది భార్గవి మొదటిరోజు. "గుండె వేగంగా కొట్టుకుంటుంటే అది నొప్పా, ఆటా అనేది మనమే చెప్పాలి. బిడ్డ బాధ తల్లికంటే ఎవరికి తెలుసు? ఆరు నెలలు తల్లుల్నే అడుగుదాం. రోజుకొక్కసారి. వాళ్లు చెప్పింది చూసి యంత్రం నేర్చుకుంటుంది."

మంచి మాట. ఆ ఆసుపత్రిలో తల్లుల్ని అడిగి తెలుసుకున్నవాళ్లు అంతకుముందు ఒక్కరూ లేరు. సుంకమ్మ పొంగిపోయింది.

"ఎప్పుడడగల్ల మేడం?"

"సాయంత్రం ఆరింటికి. అప్పటికి సూదులు, స్కానింగులు అన్నీ అయిపోతాయి. తల్లులు తీరిగ్గా ఉంటారు."

సాయంత్రం ఆరు. దీపం పెట్టే వేళ. సుంకమ్మ గుండెలో చిన్న ముల్లు కదిలింది. ఆ ముల్లును అప్పుడే బయటికి తీసి చూపించి ఉంటే ఇంత జరిగేది కాదు. పెద్ద చదువులు చదివినామె, తెలియకుండా పెడుతుందా అనుకుని తలూపింది.

గూడు పదిహేడో గదిలో హనుమక్క, ఆమె కూతురు కావేరి ఉండేవాళ్లు. ఆదోని అవతల పత్తిచేల ఊరు వాళ్లది. మొగుడు బళ్లారిలో సెంట్రింగ్ పని చేస్తాడు. రెండేళ్ల కొడుకును అవ్వ దగ్గర వదిలి, కూతుర్ని ఎత్తుకుని వచ్చింది హనుమక్క. ఈ మధ్య ఫోనులో ఆ చిన్నోడు అవ్వనే అమ్మా అని పిలవడం విని, గదిలో ఎవరూ లేనట్టు గోడవైపు తిరిగి కూచుంది.

"ఎట్లుండాది అక్కా, పాపకు ఈపొద్దు?"

"పర్వాలేదు సంజెక్కా. కాళ్లు లాగుతాన్నాయంటాంది." సంజెవేళ వస్తుందని తల్లులు సుంకమ్మకు పెట్టుకున్న పేరు అది.

మామూలు రోజుల్లో అట్లా చిన్నచిన్న నొప్పులు చెప్పేది. నడుముకు సూది వేసిన రోజున పిల్ల మంచం మీద రోకలిబండ పురుగులా చుట్టుకుపోయింది. మాట లేదు, పళ్లు కొరుకుతోంది. సుంకమ్మ ప్రశ్న పూర్తి చెయ్యనేలేదు. హనుమక్క లేచి, కిటికీ వైపు తిరిగి, ఆకాశంలో ఎవరికో వినబడాలన్నంత గట్టిగా అంది.

"మా తల్లికేమి? గుండ్రాయి మాదిరుండాది! నొప్పీ లేదు గిప్పీ లేదు! బాగుండాది, రాసుకో!"

సంజెవేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. ఆ వేళ మనిషి నోట ఏ మాట వస్తే ఆ మాటకు తథాస్తు అనేసి పోతారు. బిడ్డకు బాగాలేదంటే, బాగాలేకుండానే పోతుంది. సుంకమ్మను వాళ్లమ్మ పెంచిందీ అట్లాగే. ఆ వేళ పొరపాటున 'చస్తాను' అన్న మాట దొర్లితే మూతి మీద చరిచేది. హనుమక్క గొంతులో వణుకు సుంకమ్మకు వినబడింది. ఎందుకో కూడా తెలుసు. అయినా వేలు ట్యాబులో 'హాయిగా ఉంది' మీదే నొక్కింది. తల్లి చెప్పింది రాయడమే ఉద్యోగం.

చుట్టుకున్న చోటినుంచే కావేరి కళ్లు తెరిచింది. "సంజెక్కా, అందరూ మాయమ్మనే అడుగుతారేంటికి? నొప్పి నాది గదా?"

"నువ్వు చిన్నపిల్లవి గదమ్మా."

"నేను చిన్నదాన్నేలే. నొప్పి పెద్దది." చెయ్యి చాపి సుంకమ్మ చూపుడువేలు పట్టుకుని పిసికింది. "ఇంత."

ఏడేళ్ల పిల్లకు అంత బలం ఎక్కడిదో, వేలు కమిలిపోయింది. ట్యాబులోని ప్రశ్నల్లో ఆ వేలికి గడి లేదు.

*

ఆరు నెలలు. రెండు వందల పన్నెండు మంది పిల్లలు. ముప్పై వేలకు పైగా జవాబులు. యంత్రం బుద్ధిగా నేర్చుకుంది.

అందరికంటే ఎక్కువ సంతోషించింది డైరెక్టర్ శ్రీహరి. అంతవరకూ గది కోసమని ఆయన బల్ల మీద నాయకుల ఉత్తరాలు, కాళ్ల మీద తల్లుల తలలు. "ఇంక నా దగ్గరికి రావద్దు. యంత్రానికి కులం లేదు, సిఫారసు లేదు. ఎవరి బాధ ఎక్కువో అదే చెబుతుంది" అన్నాడు. నమ్మే అన్నాడు. నమ్మడం ఆయనకు చాలా హాయిగా కూడా ఉంది.

గూడుకు ఎదురుగా దాతల అతిథి భవనం ఉంది. అరవై గదులు. ఏడాదికి రెండుసార్లు, పెద్దవాళ్లు వచ్చినప్పుడు తెరుస్తారు. మిగతా రోజులన్నీ తాళమే. ఏ పిల్ల బాధ ఎంతో కొలవడానికి యంత్రం కనిపెట్టినవాళ్లు, రోడ్డు దాటి ఆ తాళం తియ్యాలని మాత్రం అనుకోలేదు.

కావేరికి నాలుగో విడత మందు ఎక్కించి ఆరు రోజులైంది. తెల్లకణాలు అడుగంటే రోజులు అవి. అప్పుడు చిన్న జ్వరం వచ్చినా గంటలోపల ఆసుపత్రిలో ఉండాలి. అసలు గూడు కట్టిందే అందుకు. నోరు పుండై పిల్ల రెండు రోజులుగా మాట్లాడటం లేదు. కడియం మీద మాత్రం ఆకుపచ్చ నిండుగా వెలుగుతోంది. ఆ రంగు చూసి గది ఖాళీ చెయ్యమని చీటీ వచ్చింది.

"సార్, ఒక్కసారి వచ్చి పిల్లను చూడండి" అని సుంకమ్మ డైరెక్టర్ గది గుమ్మంలో నిలబడింది.

"చూస్తే మనసు కరుగుతుంది సుంకమ్మా. కరిగితే ఇంకొకరికి అన్యాయం జరుగుతుంది. ఆ గది కోసం ఎర్రగా వెలుగుతున్న పిల్ల బయట వరండాలో ఉంది. దానికేం చెప్పమంటావు?"

హనుమక్క పోట్లాడలేదు. గిన్నెలు మూటగట్టింది. "కడెమే బాగుండాదంటే బాగున్నట్టే గదా సంజెక్కా? మనకేం దెలుసు, మిషనుకు దెలుస్తాది" అంది. ఆ మాట సుంకమ్మకు కాదు, తనకు తాను చెప్పుకుంటోంది. బస్టాండులో కావేరి మళ్లీ వేలు పట్టుకుంది. పిసికింది. బస్సు వెళ్లిపోయాక కూడా ఆ వేలు సలుపుతూనే ఉంది.

*

యంత్రం సరిగా చెబుతోందా లేదా అని వారానికోసారి అవే ప్రశ్నలు అడగడం ఇంకా సాగుతోంది. కావేరి వెళ్లిన మూడో రోజు సాయంత్రం నెట్టు పనిచెయ్యలేదు. సరే, రేపు అడుగుదామని సుంకమ్మ మర్నాడు పొద్దున తొమ్మిదింటికి వెళ్లింది. తల్లులు వార్డు వెనక కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతున్నారు. పిల్లలు పక్కన లేరు. ఎండ చుర్రుమంటోంది.

"ఎట్లుండాడు మారెక్కా, నీ కొడుకు?"

మారెక్క బట్ట పిండుతూనే అంది: "ఏముండాది, నరకముండాది. మూడ్రోజుల్నుంచి కడుపు పట్టుకోని దొర్లుతాండాడు. చూసేకి నా చేత కావడంలేదు."

సుంకమ్మ ట్యాబు చూసింది. మారెక్క కొడుకు కడియం మూడు రోజులుగా ఆకుపచ్చ.

"మొన్న సంజెపూట వార్డులోకొచ్చి పలకరిస్తే బంగారు మాదిరుండాడంటివే?"

మారెక్క పిండడం ఆపి వింతగా చూసింది. పక్కన ఇద్దరు తల్లులు నవ్వారు. "సంజెపూట అడిగితే ఏమని చెప్పల్ల తల్లీ? బాలేదని నోరారా జెప్పి, ఆ పోయే దేవతలతో సరేననిపించుకోవల్లా? నువ్వు మాలో మనిషివే గదా. నీకు దెలీదా?"

తెలుసు. అదే. సుంకమ్మకు తెలుసు.

కుళాయి గట్టు మీద కూలబడింది. పిల్ల కొంచెం నలతగా ఉన్న రోజున తల్లులు కొంచెం చెప్పేవాళ్లు. కాలు లాగుతోందంటే ఏ దేవత తథాస్తు అన్నా పోయేదేం లేదు. పిల్ల ప్రాణం మీదికి వచ్చిన రోజున గొంతెత్తి బాగుందని అరిచేవాళ్లు. ఎంత భయమో అంత గట్టిగా. ఆ కేకల్ని ఆరు నెలలపాటు ముద్దలు చేసి యంత్రానికి తినిపించింది తనే. కాలు లాగితే ఎరుపు. చావు దగ్గరికొస్తే ఆకుపచ్చ. అది నేర్చుకున్న చదువు అది.

మధ్యాహ్నంలోపల వార్డూ గూడూ తిరిగేసింది. ఒక్కో తల్లినీ పిల్లకు వినబడనంత దూరం తీసుకుపోయి అడిగింది. ముప్పై ఒక్క మంది. వాళ్లలో ఆకుపచ్చ వెలుగుతున్నది పదకొండు మంది పిల్లలకు. ఆ పదకొండు మందిలో తొమ్మిది మంది తల్లులు జవాబు చెప్పలేక ఏడ్చారు.

*

డాక్టర్ భార్గవి సుంకమ్మ నోటుబుక్కును రెండుసార్లు చదివింది. తర్వాత కంప్యూటరులో కావేరి గీతలు తెరిచింది. నాడి, చెమట, నిద్ర. రంగు కనబడకుండా చేత్తో మూసి, గీతల్ని మాత్రం చూసింది.

"ఇవి హాయిగా ఉన్న పిల్ల గీతలు కావు" అంది.

"ముందే చూడలేదా మేడం?"

"ఒక్కొక్కరివి చూడలేదు. రంగులు తల్లుల జవాబులతో సరిపోతున్నాయా అని మాత్రం చూశాను. నూటికి తొంభైమూడు సరిపోయాయి. ఎందుకు సరిపోవు? వాళ్లు ఎంత గట్టిగా అబద్ధం చెప్పారో, ఇది అంత గట్టిగా నేర్చుకుంది."

"అబద్ధం అనొద్దు మేడం. అది మొక్కు."

భార్గవి నోటుబుక్కు మూసింది. "సాయంత్రం ఆరు" అని గొణుక్కుంది. "నాకెందుకు చెప్పలేదు సుంకమ్మగారూ?"

"నవ్వుతారని. ఊరోళ్ల మూఢనమ్మకం అంటారని." ఆ మాట అనేసరికి సుంకమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. నవ్వుతారని భయపడి పిల్లల్ని బస్సులెక్కించింది. "మిషను ఆపించండి."

"ఆపాలంటే కమిటీ కూర్చోవాలి. మళ్లీ నేర్పాలంటే మూడు నెలలు..."

"మూడు నెల్లా! కావేరికి మూడు రోజులుండాయో లేదో! ఆకుపచ్చ చూసి ఇంకెంతమందిని పంపినాము?"

భార్గవి జాబితా తెరిచింది. కావేరితో కలిపి పద్నాలుగు పేర్లు. అందులో మూడు బూడిదరంగులో ఉన్నాయి. ఆ రంగుకు అర్థమేమిటని సుంకమ్మ అడగలేదు. భార్గవి చెప్పలేదు.

*

హనుమక్క ఫోను మధ్యాహ్నమంతా కలవలేదు. కలిసేసరికి పొద్దు గుంకుతోంది.

"ఎట్లుండాది అక్కా, పాపకు?" అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. అదే ప్రశ్న, అదే వేళ.

"బాగుండాది సంజెక్కా! మా తల్లికేమి, బంగారు మాదిరుండాది!" గట్టిగా. చాలా గట్టిగా.

సుంకమ్మ కళ్లు మూసుకుంది.

"అక్కా, ఇను. నువ్వేమీ చెప్పొద్దు. నేనడుగుతా. తప్పయితే కాదను. నిజమైతే గమ్మునుండు. గమ్మునుంటే ఏ దేవతా తథాస్తనలేదు. సరేనా?"

అవతలినుంచి ఊపిరి మాత్రం వినబడింది.

"జ్వరమొచ్చిందా?"

మౌనం.

"ఈపొద్దే వచ్చిందా?"

"కాదు."

"నిన్నట్నుంచా?"

మౌనం.

"నీళ్లు గూడా దిగడంలేదా గొంతులోకి?"

మౌనం. దూరంగా ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు.

"అక్కా... పిలిస్తే పలకడంలేదా?"

సుంకమ్మ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు...

"కాదు" అంది హనుమక్క. ఆ ఒక్క మాట గుండె అడుగునుంచి పెళ్లగించుకుని వచ్చింది. "కాదు, కాదు. పలుకుతాంది. ఒగొగసారి."

"కడెం ఇంకా ఆకుపచ్చగానే ఉండాదా?"

ఆ మౌనం అన్నిటికంటే పొడుగ్గా సాగింది.

"మూట గట్టుకో. వస్తాండా."

ఆసుపత్రి వ్యాను డ్రైవరు ఖాజా. "చీటీ లేకుండా బండి తీస్తే ఉజ్జోగం పోతాదక్కా" అంటూనే తాళంచెవి తిప్పాడు. "పోతే మా మామ సోడాబండి ఉండాదిలే. ఎక్కు."

తెల్లారేసరికి కావేరి అత్యవసర వార్డులో మూడో మంచం మీద ఉంది. అది మూడు రోజుల కిందటి మాట. రెండు రోజులు పిల్ల అటా ఇటా అన్నట్టే ఊగింది. మూడో రోజు పొద్దున కళ్లు తెరిచి సుంకమ్మ వేలు పట్టుకుంది. పిసకలేదు. పిసికే బలం లేదు. వేళ్లు ఊరికే ఆనించి ఉంచింది. కడియమైతే దాన్ని కూడా హాయి అనే రాసుకునేది.

*

కమిటీ గదికి పడమటివైపు పెద్ద కిటికీలు. ఐదున్నరకు కూర్చోవాల్సినవాళ్లు ఐదూ ముప్పావుకు కూర్చున్నారు. సుంకమ్మ నిలబడే చదివింది. చివరి వాక్యందాకా ఎక్కడా ఆపలేదు.

భార్గవి లేచింది. "ఆమె చెప్పింది నిజం. వేళ నిర్ణయించింది నేను. యంత్రాన్ని ఈ క్షణమే ఆపండి."

"తొందరపడకండి డాక్టర్" అన్నాడు కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన. "మనం పిల్లల తల్లుల్నే అడిగాం కదా? ముప్పై వేల జవాబులున్నాయి, బాగుందని. వాళ్లే చెప్పారు. వాళ్లు చెప్పిందే విన్నాం. ఇప్పుడు వాళ్లు అబద్ధం చెప్పామంటే తప్పెవరిది?"

ఈ మాట వస్తుందని సుంకమ్మ అనుకోలేదు. పిల్లల్ని పంపిందీ వీళ్లే, ఆ పాపం తెచ్చి తల్లుల ఒడిలో పడేస్తున్నదీ వీళ్లే.

"ఒక ఉపసంఘం వేద్దాం" అన్నాడు శ్రీహరి. ఆయన ముఖం పాలిపోయి ఉంది. మూడు బూడిదరంగు పేర్లు భార్గవి ఆయనకు పొద్దునే చూపించింది. "నెల రోజుల్లో నివేదిక తెప్పిద్దాం."

"కావేరికి గది సార్? రేపు పొద్దున మంచం ఖాళీ చెయ్యల్ల."

"పదిహేడో గదిలో ఇంకో పాప ఉంది సుంకమ్మా. దాన్ని బయట పడెయ్యమంటావా? చెప్పు. నువ్వే చెప్పు."

ఇదీ వీళ్ల పద్ధతి. నలభై గదులు చూపించి, ఒక తల్లి మీదికి ఇంకో తల్లిని ఉసిగొల్పడం. సుంకమ్మ నోరు తెరవబోయింది. అప్పుడే తలుపు తెరుచుకుంది.

హనుమక్క. ఆమె వెనక మారెక్క. మారెక్క వెనక వరండా పొడుగునా తల్లులు. పదిహేడో గదిలో ఇప్పుడున్న తల్లి కూడా ఉంది, చంకలో తన పిల్లతో. బయట సూర్యుడు అప్పుడే దిగిపోయాడు. కిటికీ అద్దాలు కుంకుమరంగుకు తిరిగాయి. గోడ గడియారంలో ఆరు.

హనుమక్క పెదవులు కదులుతున్నాయి. ఆమె ఏం చెప్పబోతోందో సుంకమ్మకు అర్థమైంది. ఇంత రాసి, ఇంత తెలిసి కూడా, కాళ్లు వాటంతటవే ముందుకు పరిగెత్తాయి. "అక్కా, వద్దు! ఈ వేళప్పుడు వద్దు. రేపు పొద్దున చెబుదువుగాని!"

"రేపు పొద్దున మంచం తీసేస్తారు గదా" అంది హనుమక్క.

ఆమె కిటికీ వైపు తిరగలేదు. బల్ల వైపు తిరిగింది. చీర కొంగును రెండు పిడికిళ్లలో బిగించింది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఆ వేళ నోట రానివ్వని మాటను నిలబడి చెప్పింది.

"నా బిడ్డకు బాగలేదు."

ఆమె ఒక్క క్షణం ఆగింది, ఏదో వచ్చి నెత్తిన పడుతుందన్నట్టు. ఏమీ పడలేదు. ఇంకా గట్టిగా అంది.

"నా బిడ్డకు బాగలేదు సార్! నోరంతా పుండు. నీళ్లు దిగవు. రాత్రిళ్లు అమ్మా చచ్చిపోతానా అని అడుగుతాంది. నేను నవ్వి, లేదులేమ్మా అంటాండా. ఆర్నెల్లు మీరడిగినప్పుడల్లా బాగుండాదంటి. బాగలేదు. ఏ పొద్దూ బాగలేదు!"

"నా కొడుక్కి బాలేదు" అంది మారెక్క, ఏడుస్తూ, చెంపలు వాయించుకుంటూ. "సామీ, తప్పు, తప్పు... బాలేదు!"

"మా పాపకు బాలేదు."

"మా వానికి..."

వరండా చివరిదాకా ఆ మాట పాకింది. కళ్లద్దాల పెద్దమనిషి అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. భార్గవి తల దించుకుని ఏడుస్తోంది. శ్రీహరి చేతులు ఏం చెయ్యాలో తెలియక కాగితాలు సర్దుతున్నాయి.

సుంకమ్మ తన కాగితాన్ని మడిచి జాకెట్లో దోపుకుంది. ఇక చదవాల్సింది లేదు.

"సార్, పదిహేడో గది మాకొద్దు. అది ఆ తల్లిదే. ఎదురుగుండా అరవై గదులుండాయి, వాటి తాళాలు ఇయ్యండి. ఉపసంఘానికి కాదు, మా చేతికియ్యండి. పంపించినోళ్లలో మిగిలిన పదిమంది పిల్లల కోసరం ఖాజా బండి బయట నిలబెట్టినాడు, డీజిలు పోయించండి. ఈ కడేలన్నీ ఇప్పుడే పిల్లల చేతులనుంచి తీయించండి. రేపట్నుంచి తల్లిని పొద్దున అడుగుతా, పిల్ల ఇనకుండా. పిల్లనూ అడుగుతా. నొప్పి వాళ్లది. పోయిన ముగ్గురు పిల్లల ఇండ్లకు మీరే పోవల్ల, ఉత్తరాలు పంపడం కాదు. పోయి, తప్పు మాదని చెప్పల్ల. నేనూ వస్తా."

"సుంకమ్మా, పద్ధతి అంటూ ఒకటి..."

"ఇంగేం పద్ధతి సార్!" హనుమక్క రెండు అడుగులు వేసి బల్ల అంచు పట్టుకుంది. సంజె వెలుతురు ఆమె ముఖం మీద ఎర్రగా పడుతోంది. గొంతులో ఇప్పుడు వణుకు లేదు. "మాకు చెడ్డమాటంటే భయం. ఎవరో పైనుంచి తథాస్తంటారని ఇంతకాలం నోరు కుట్టుకోని ఉంటిమి. పైన ఎవురూ లేరు సార్. మా మాటకు తథాస్తనేటోళ్లు ఈ కుర్చీల్లోనే కూచోనుండారు. నా బిడ్డ బతకల్ల. దానికి ఈపొద్దే గది కావల్ల. అందరు బిడ్లకూ కావల్ల. ఇదే వేళ, మీ ఎదురుగా నిలబడి అడుగుతాండా."

ఖాళీ అరచేతిని ఆయన ముందు చాపింది.

"తాళాలు దీసి ఈడ పెట్టండి. అనండి సార్, తథాస్తని."